మనం ఎంచుకున్న నాయకులు, మనం ఎంచుకున్న మీడియా: పౌరుడి బాధ్యతపై తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రభుత్వం తప్పు చేస్తే నాయకుణ్ని, వార్త తప్పుగా వస్తే పత్రికను నిందించడం మనకు అలవాటే. ఆ ఇద్దరికీ ఆ బలం ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరైనా అడిగితే మాత్రం మాట తడబడుతుంది. ఈ విషయంపై నలుగురితో మాట్లాడినప్పుడల్లా మళ్లీ మళ్లీ ఎదురైన ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చి, నాకు సరైనవని తోచిన సమాధానాలు రాశాను.

నాయకుడు చేసిన తప్పుకు ఓటు వేసిన నేనెలా బాధ్యుణ్ని అవుతాను?

నేరం వేరు, బాధ్యత వేరు. రెండింటినీ కలగలిపితే చర్చ మొదట్లోనే దారి తప్పుతుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1945–46 శీతకాలంలో, జర్మన్ తత్త్వవేత్త కార్ల్ యాస్పర్స్ హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఈ ప్రశ్న మీదనే ఉపన్యాసాలు ఇచ్చారు. ఆయన భార్య యూదురాలు. నాజీ ప్రభుత్వం 1937లో ఆయన్ను ఆచార్య పదవి నుంచి తప్పించింది. నాకేం సంబంధమని పక్కకు జరిగే హక్కు ఆ దేశంలో ఎవరికైనా ఉంటే అది ఆయనకే ఉండేది, అయినా ఆయన జరగలేదు. దోషాన్ని నాలుగు రకాలుగా విడదీసి చూపించారు. చట్టాన్ని ఉల్లంఘించినవాడిది నేరదోషం, దాన్ని న్యాయస్థానం తేలుస్తుంది. తన రాజ్యం చేసిన పనుల ఫలితాన్ని మోయవలసి రావడం రాజకీయ దోషం, ఇది పౌరులందరికీ వర్తిస్తుంది. పైవాళ్లు చెప్పారు గనుక చేశానన్న సాకు చెల్లని చోట నైతిక దోషం ఉంటుంది, అక్కడ ఎవరి మనస్సాక్షే వారికి న్యాయమూర్తి. తోటి మనిషిని చంపుతుంటే తాను బతికి ఉండిపోయినందుకు కలిగే నాలుగో దోషాన్ని ఆయన మనుషుల తీర్పుకు అందనిదిగా భావించారు.

ఈ విభజన మనకు ఎంతో ఉపయోగపడుతుంది. మీరు గెలిపించిన ప్రతినిధి లంచం తీసుకుంటే ఆ నేరం మీది కాదు, దానికి మిమ్మల్ని ఎవరూ శిక్షించకూడదు. ఆ లంచం వల్ల నాసిరకంగా కట్టిన వంతెన కూలితే దాన్ని తిరిగి కట్టేది మాత్రం మీరూ మీ పొరుగువారూ కట్టిన పన్నులతోనే. అతని గతం తెలిసే ఓటు వేశారా, తెలుసుకోవడానికి కనీసం ప్రయత్నించారా అన్నది మీకు మీరే తేల్చుకోవలసిన మూడో లెక్క. ఒక జాతినో ఒక దేశ ప్రజలనో గంపగుత్తగా నేరస్తులని ముద్ర వేయడాన్ని యాస్పర్స్ గట్టిగా తిరస్కరించారు. ప్రజల బాధ్యత గురించి మాట్లాడే ప్రతివారూ పాటించవలసిన జాగ్రత్త అది.

నేను ఓటు వేసింది ఓడిపోయిన అభ్యర్థికి. నాకూ బాధ్యత ఉందా?

నైతికంగా మీ భారం తేలికే. అయితే గెలిచిన ప్రభుత్వం మీ పేరు మీద కూడా చట్టాలు చేస్తుంది, మీ పన్నుతో నడుస్తుంది, ఇతర దేశాలతో మీ తరఫున కూడా సంతకాలు పెడుతుంది. ఓడినవారికి ఒక ప్రత్యేకమైన పని మిగిలి ఉంటుందని నేను నమ్ముతాను. గెలిచినవారి అభిమానులు అడగడానికి మొహమాటపడే ప్రశ్నలను మర్యాదగా, ఆధారాలతో, విసుగు లేకుండా అడుగుతూ ఉండడమే ఆ పని. మళ్లీ ఎన్నికలు వచ్చేదాకా దెప్పుతూ కూర్చోవడం దానికి సాటి రాదు.

హిట్లర్‌ను జర్మన్ ప్రజలే ఎన్నుకున్నారంటారు. అది నిజమేనా?

అవుననడానికీ కుదరదు, కాదనడానికీ కుదరదు. 1928 ఎన్నికల్లో నాజీ పార్టీకి వచ్చినవి 2.6 శాతం ఓట్లు. ఆర్థిక మాంద్యం విరుచుకుపడ్డాక, 1932 జులైలో అవి 37.3 శాతానికి చేరి అది పార్లమెంటులో అతిపెద్ద పార్టీ అయింది. అదే ఏడాది నవంబరులో మళ్లీ ఎన్నికలు జరిగితే 33.1 శాతానికి దిగింది. స్వేచ్ఛగా జరిగిన ఏ పార్లమెంటు ఎన్నికలోనూ ఆ పార్టీకి సగం ఓట్లు రాలేదు. 1933 జనవరి 30న హిట్లర్‌ను చాన్సలర్‌గా, అంటే ప్రభుత్వాధినేతగా, నియమించింది అధ్యక్షుడు హిండెన్‌బర్గ్. అతన్ని తమ అదుపులో ఉంచుకోగలమని నమ్మిన ఫ్రాంజ్ ఫాన్ పాపెన్ వంటి సంప్రదాయవాద నాయకులు అందుకు దారి చేసిపెట్టారు. మార్చి 23న పార్లమెంటు తన శాసనాధికారాన్ని తానే ప్రభుత్వానికి అప్పగించే చట్టాన్ని 444 ఓట్లతో ఆమోదించింది. కమ్యూనిస్టు సభ్యులను అప్పటికే సభలో అడుగుపెట్టనివ్వలేదు. వ్యతిరేకంగా వేసిన 94 మందీ సోషల్ డెమొక్రాట్లే.

కాబట్టి బాధ్యతను ఒకే మూటగా కట్టి ఒకరి నెత్తిన పెట్టలేం. నియమించినవారిది ఒక పాలు, చట్టాన్ని ఆమోదించినవారిది మరొకటి. ఓటు వేసినవారిలో ఉద్యోగం దొరుకుతుందని, దేశానికి జరిగిన అవమానం తీరుతుందని ఆశపడి వేసినవారు ఎందరో ఉన్నారు; వారి ఆకలి నిజమైనదే. అయితే యూదులు పౌరులు కాజాలరన్న మాట ఆ పార్టీ 1920లోనే ప్రకటించిన ప్రణాళికలో అచ్చయి ఉంది. తనకు నచ్చిన రెండు వాగ్దానాలను చదివి, మూడోదాన్ని చూసీ చూడనట్టు దాటేసిన ఓటరు బాధ్యత అక్కడే మొదలైంది. ఈ రోజు ఏ దేశంలోనైనా ఎన్నికల ప్రణాళికను చేతిలోకి తీసుకునేవారు తమకు ఏమిస్తారన్న పేజీతోనే ఆగకుండా, ఎవరి నుంచి ఏం తీసుకుంటారన్న పేజీ కూడా చదవాలి.

అసలు ఓటే వేయకపోతే ఏ బాధ్యతా ఉండదు కదా?

మీరు వదిలేసిన ఓటు గాలిలో కలిసిపోదు, వేసినవారి ఓట్ల బరువును ఆ మేరకు పెంచుతుంది. ఆస్ట్రేలియా 1924లో ఓటును తప్పనిసరి చేసింది. 1922లో 60 శాతం లోపు ఉన్న పోలింగు 1925లో 91 శాతం దాటింది. ఇలాంటి నిర్బంధం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. నా దృష్టిలో, కారణం నలుగురికీ చెప్పి ఓటు వేయకుండా ఉండడం ఒక రాజకీయ నిర్ణయం. తీరిక లేదనో ఎండగా ఉందనో మానేయడానికి ఆ గౌరవం ఇవ్వలేం.

అబద్ధాలు చెప్పి నా ఓటు వేయించుకున్నారు. మోసపోవడం కూడా తప్పేనా?

తెలుసుకునే వీలు మీకు ఉండిందా అన్నదే ఇక్కడ గీటురాయి. రహస్యంగా దాచిన ఒప్పందాన్ని కనిపెట్టలేకపోయారని ఓటరును తప్పుపట్టడం అన్యాయం. బహిరంగంగా ఉన్న కాగితాన్ని చదవకపోవడం అలాంటిది కాదు. భారతదేశంలో 2002, 2003 సంవత్సరాల్లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుల ఫలితంగా ప్రతి అభ్యర్థీ తనపై ఉన్న క్రిమినల్ కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు వివరాలను ప్రమాణపత్రంలో ప్రకటించాలి. ఆ పత్రాన్ని ఎన్నికల సంఘం వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. పౌరులు న్యాయస్థానాల చుట్టూ తిరిగి సాధించుకున్న హక్కు అది, వాడుకునేవారు మాత్రం కొద్దిమందే.

నిజం బయటపడిన తర్వాత ఏం చేశామన్నది అంతకన్నా పెద్ద పరీక్ష. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని పట్టుబట్టడం అప్పుడే మొదలవుతుంది. మన నాయకుడి మీద వచ్చిన ఆరోపణకు జవాబుగా ఎదుటి నాయకుడి తప్పులను ఏకరువు పెడుతున్నామంటే, అమాయకంగా మోసపోయిన దశ దాటి, తెలిసి కాపాడే దశకు వచ్చేశామని అర్థం.

కోట్ల మందిలో నా ఒక్క ఓటు వల్ల ఏం మారుతుంది?

ఈ అనుమానాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. ఒక్క ఓటు ఫలితాన్ని తారుమారు చేసే అవకాశం అతి స్వల్పం గనుక, అభ్యర్థుల గురించి తెలుసుకోవడానికి సమయం వెచ్చించకపోవడమే వ్యక్తికి లాభసాటి లెక్క అవుతుందని ఆర్థికవేత్త ఆంథొనీ డౌన్స్ 1957లో వాదించారు. లెక్కగా చూస్తే ఆ వాదనలో లోపం పట్టుకోవడం కష్టం. అయితే మన ప్రభావం ఓటు పెట్టె దగ్గరే ఆగిపోతుందని ఆ లెక్క అనుకుంటుంది. మనిషి తన అభిప్రాయాన్ని ఇంట్లో, పని చేసే చోట, స్నేహితుల మధ్య ఏడాది పొడవునా పంచుతూనే ఉంటాడు. అతని మాట విని ఓటు వేసేవారు ఉంటారు, అతని మౌనాన్ని అంగీకారంగా తీసుకునేవారూ ఉంటారు. పదిమంది కలిసి మోసిన బరువులో నా పాలు పదోవంతే కావచ్చు, అంతమాత్రాన నేను మోయలేదని చెప్పలేను కదా.

అభ్యర్థులందరూ ఒకే తాను ముక్కలైతే ఎవరిని ఎంచుకోవాలి?

అందరూ దొంగలే అన్న మాట వల్ల ఎక్కువగా లాభపడేది వారిలో పెద్దదొంగ. తేడాలు చిన్నవైనా వెతకండి. నిజంగానే ఎవరూ తగరనిపిస్తే, సుప్రీంకోర్టు 2013 సెప్టెంబరు తీర్పు తర్వాత భారత ఓటరుకు నోటా మీట అందుబాటులోకి వచ్చింది. పార్లమెంటు, శాసనసభ ఎన్నికల్లో నోటాకు అందరికన్నా ఎక్కువ ఓట్లు వచ్చినా అభ్యర్థుల్లో ముందున్నవారే గెలిచినట్టు ప్రకటిస్తారు గనుక, దానితో నిరసన నమోదవుతుందే తప్ప ఎంపిక జరగదు.

నాయకుణ్ని అభిమానించడంలో తప్పేముంది?

గౌరవించడంలో తప్పు లేదు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో చేసిన చివరి ప్రసంగంలో అంబేడ్కర్ ఈ విషయమై హెచ్చరించారు. మతంలో భక్తి ఆత్మకు ముక్తిమార్గం కావచ్చునేమో గాని, రాజకీయాల్లో భక్తి, వ్యక్తి పూజ పతనానికి, చివరికి నియంతృత్వానికి దారి తీస్తాయన్నది ఆయన మాటల సారం. నాయకుడికి మద్దతు ఇస్తున్నామా, భక్తులమైపోయామా అని తెలుసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. ఆయన చేసిన పనుల్లో మీరు ఒప్పుకోనివి ఏవైనా మూడు ఇప్పటికిప్పుడు చెప్పగలరేమో చూడండి.

నాయకుణ్ని ఎన్నుకున్నాను సరే, మీడియాను నేను ఎన్నుకోలేదు కదా?

రోజూ ఎన్నుకుంటున్నారు, ఓటరు చీటీ లేకుండానే. ఇది ఎలా జరుగుతుందో చూడాలంటే 1833కు వెళ్లాలి. న్యూయార్క్‌లో మిగతా పత్రికలు ఆరు సెంట్లకు అమ్ముడవుతున్న రోజుల్లో బెంజమిన్ డే అనే ముద్రాపకుడు ‘ది సన్’ పత్రికను ఒక్క సెంటుకు అమ్మడం మొదలుపెట్టాడు. లాభం పాఠకుడి సెంటులో లేదు. ఎక్కువమంది చదువుతున్నారని చూపించి ప్రకటనలు తెచ్చుకోవడంలో ఉంది. రెండేళ్లకే, 1835 ఆగస్టులో, చంద్రుడి మీద రెక్కల మనుషులు తిరుగుతున్నారని, పేరున్న ఖగోళశాస్త్రవేత్త జాన్ హెర్షెల్ దుర్భిణిలో వారిని చూశారని ఆ పత్రిక ధారావాహికగా రాసింది. అంతా కల్పితం. జనం ఎగబడి కొన్నారు, కల్పితమని తేలాక కూడా పత్రిక నిలదొక్కుకునే ఉంది.

ఆనాటి ఏర్పాటే ఈనాటికీ సాగుతోంది. మనం చెల్లించేది తక్కువ, ఒక్కోసారి ఏమీ ఉండదు. మన చూపును ప్రకటనదారులకు అమ్ముతారు. కోపంతో చూసిన గంటకూ శ్రద్ధతో చూసిన గంటకూ రేటింగులో తేడా ఉండదు. తెరను ఎనిమిది గళ్లుగా చీల్చి, ఎనిమిది ముఖాలు ఒకేసారి అరుస్తుంటే, ఒక్క వాక్యమూ చివరిదాకా వినపడని చర్చను ‘ఛీ, ఏం చర్చలివి’ అనుకుంటూ చివరిదాకా చూస్తాం. ఆ విసుగు ఎక్కడా నమోదు కాదు, చూసిన సమయం మాత్రం నమోదవుతుంది. మర్నాడు అదే వేళకు మరింత పెద్ద గొంతులను తెచ్చి కూర్చోబెడతారు. ఒక్కసారి కాగితం, కలం పట్టుకుని అలాంటి చర్చను చూడండి. పరిశీలించి నిర్ధారించుకోదగిన విషయం ఎవరైనా చెప్పినప్పుడల్లా ఒక గీత గీయండి. గంట తర్వాత ఆ కాగితాన్ని చూస్తే, ఆ చానెల్‌కు మీ గంటను ఎందుకు ఇస్తున్నారో మీకే సందేహం వస్తుంది.

పౌరులు మీడియా గురించి నిజంగా ఓటు వేసి తేల్చిన సందర్భమూ ఉంది. ప్రజా ప్రసార సంస్థలను పోషించే రుసుమును రద్దు చేయాలా అని 2018 మార్చి 4న స్విట్జర్లాండ్ ప్రజాభిప్రాయం కోరితే, 71.6 శాతం మంది వద్దన్నారు. అంటే తమ జేబులోంచి పోయే డబ్బును తామే నిలుపుకున్నారు.

వినేవాడు విన్నాడు, అంతే. వినడం వల్ల ఎవరికైనా హాని జరుగుతుందా?

రువాండాలో ఆర్‌టీఎల్ఎం అనే రేడియో 1993 జులైలో ప్రసారాలు ప్రారంభించింది. మంచి సంగీతం, సరదా కబుర్లు, శ్రోతలతో ముచ్చట్లు. అందుకే జనం దాన్ని ఇష్టపడ్డారు. ఆ కబుర్ల మధ్యనే ఆ దేశంలోని అల్పసంఖ్యాక వర్గమైన టుట్సీలను బొద్దింకలని పిలవడం మామూలైపోయింది. 1994 ఏప్రిల్‌లో నరమేధం మొదలయ్యాక అదే రేడియో మనుషుల పేర్లు, వారు దాక్కున్న చోట్లు చదివి వినిపించింది. సుమారు వంద రోజుల్లో దాదాపు 8 లక్షల మంది హతమయ్యారు. అంతర్జాతీయ ట్రిబ్యునల్ 2003 డిసెంబరులో ఆ రేడియో స్థాపకుల్లో ఇద్దరిని దోషులుగా నిర్ధారించింది.

శ్రోతలందరూ హంతకులు కారు, అలా అనడం యాస్పర్స్ హెచ్చరించిన తప్పే అవుతుంది. నన్ను కలవరపెట్టేది ఆ మొదటి నెలలే. మనిషిని పురుగుతో పోల్చిన మాట మొదటిసారి వినిపించినప్పుడు, తర్వాతి పాట కోసం ఎదురుచూస్తూ రేడియో కట్టేయకుండా ఉన్నవారిలో మనలాంటి మామూలు మనుషులే ఎక్కువ. చేతిలో ఇంకా శక్తి ఉన్న సమయం అదే. చేతికి కత్తి వచ్చాక శ్రోతకు చేయగలిగింది చాలా తక్కువ.

పాఠకులు తలచుకుంటే పత్రికల తీరు మారిన ఉదాహరణలు ఉన్నాయా?

1989 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లోని హిల్స్‌బరో మైదానంలో జరిగిన తొక్కిసలాటలో గాయపడి మరణించిన లివర్‌పూల్ ఫుట్‌బాల్ జట్టు అభిమానుల సంఖ్య చివరికి 97కు చేరింది. తప్పంతా అభిమానులదేనంటూ, వారు మృతుల జేబులు కొట్టారని కూడా నిందిస్తూ బ్రిటన్‌లోని ‘ది సన్’ పత్రిక మొదటి పేజీలో రాసింది. లివర్‌పూల్ నగరంలో చాలామంది ఆ పత్రికను కొనడం మానేశారు. దశాబ్దాలు గడిచినా ఆ బహిష్కారం సడలలేదు. 2012లో పత్రిక క్షమాపణ చెప్పింది. అభిమానుల ప్రవర్తన కారణం కాదని 2016లో న్యాయవిచారణ జ్యూరీ తేల్చింది. అదే దేశంలో 168 ఏళ్ల చరిత్ర ఉన్న ‘న్యూస్ ఆఫ్ ది వరల్డ్’ వారపత్రిక, హత్యకు గురైన బాలిక ఫోను సందేశాలను దొంగతనంగా విన్న సంగతి బయటపడి, జనం మండిపడి, ప్రకటనదారులు ఒక్కొక్కరే తప్పుకోవడంతో 2011 జులై 10న చివరి సంచిక తెచ్చి మూతపడింది. ఇన్నేళ్లూ అలాంటి కథనాలను లక్షల సంఖ్యలో కొని చదివింది కూడా ఆ జనమే అన్నది మరిచిపోకూడదు.

నాకు వచ్చిన సందేశాన్ని ముందుకు పంపాను, అంతే. అది కూడా బాధ్యతేనా?

ఒక రాత్రి నాకు ఒక ఫొటో వచ్చింది. కాలిపోతున్న బస్సు, దాని కింద ఒక వర్గాన్ని నిందించే రెండు వాక్యాలు. కడుపు రగిలింది. ‘నిప్పు లేనిదే పొగ రాదు’ అనుకున్నాను, వేలు బాణం గుర్తు మీదకు వెళ్లింది, పంపేశాను. అది వేరే దేశంలో ఎన్నో ఏళ్ల కిందట తీసిన ఫొటో అని మర్నాడు తెలిసింది. వెంటనే తప్పు దిద్దుతూ సందేశం పెట్టాను. మొదటిదాన్ని ఎందరో ముందుకు పంపారు, రెండోదాన్ని ఎవరూ పంపలేదు.

నా అనుభవం వింతేమీ కాదు. 2006–2017 మధ్య ట్విటర్‌లో తిరిగిన సుమారు 1,26,000 కథనాలను పరిశీలించి మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, అబద్ధపు వార్తను మరొకరు పంచుకునే అవకాశం నిజమైనదానికన్నా 70 శాతం ఎక్కువని తేలింది. అందుకు ప్రధాన కారణం యంత్రాలు కావు, మనుషులే.

పురాతన ఏథెన్స్‌లో ప్రమాదకారి అనిపించిన నాయకుణ్ని పదేళ్లు దేశం నుంచి పంపేయడానికి పౌరులు కుండపెంకు మీద అతని పేరు గీసి వేసేవారు. 1937లో అక్రోపొలిస్ కొండ ఉత్తరపు వాలులో, ఒక పాత బావిలో అలాంటి పెంకులు సుమారు 190 దొరికాయి. చాలావరకు పానపాత్రల అడుగు భాగాలు. అన్నిటి మీదా థెమిస్టోక్లీస్ అన్న ఒకే పేరు. రాతను పరిశీలించిన పండితులు అవన్నీ కలిపి పద్నాలుగు మంది చేతివ్రాతలేనని గుర్తించారు. అతని వ్యతిరేకులు ముందుగానే రాసి, ఓటర్లకు పంచడానికి సిద్ధం చేసుకున్నవని భావిస్తారు. ఎవరో గీసి ఇచ్చిన పెంకును అందుకుని పాత్రలో వేసినా, ఆ వేసిన చేయి మాత్రం ఆ పౌరుడిదే. ముందుకు పంపే ముందు ఇది ఎవరి చేతివ్రాత అని ఒక్క నిమిషం ఆగి చూసే అలవాటు నాకు ఆ బస్సు ఫొటో తర్వాతే వచ్చింది.

మరి ఏ పత్రికను, ఏ చానెల్‌ను నమ్మాలి?

పేర్లు చెప్పను, ఒక గుర్తు చెబుతాను. తప్పు చేసినప్పుడు ఆ సంస్థ ఏం చేస్తుందో గమనించండి. ఇరాక్‌లో సామూహిక వినాశ ఆయుధాలున్నాయన్న ప్రచారం విషయంలో తమ వార్తలు తగినంత జాగ్రత్తగా లేవని న్యూయార్క్ టైమ్స్ 2004 మే 26న పాఠకులకు రాసి ఒప్పుకుంది. అప్పటికి యుద్ధం మొదలై ఏడాది దాటింది, ఆ ఆలస్యానికి జరిగిన నష్టం తీరలేదు. అయినా తప్పు ఒప్పుకునే సంస్థను ప్రశ్నించవచ్చు, సవరణలే ప్రచురించని సంస్థను అసలు సరిచూడలేం. మీకు ఎప్పుడూ నచ్చే వార్తలే ఇచ్చే సంస్థ పట్ల కూడా కొంచెం జాగ్రత్తగా ఉండండి.

ఎంచుకునే స్వేచ్ఛే లేని దేశాల్లో ప్రజల మాటేమిటి?

బాధ్యత శక్తిని మించి ఉండదు. మాట్లాడితే జైలు, రాస్తే మాయం చేయడం రివాజైన చోట, మౌనంగా ఉన్న తల్లిదండ్రులను బయటి నుంచి నిలదీసే అర్హత మనకు లేదు. స్వేచ్ఛ ఉన్న చోట బాధ్యత బరువెక్కడానికి కారణమూ ఇదే. మనం వాడకుండా పక్కన పెట్టిన అవకాశం కోసం ఇతరులు ప్రాణాలు ఒడ్డుతున్నారు.

నేను తప్పుగా ఎంచుకున్నానని ఇప్పుడు తెలిసింది. ఏం చేయగలను?

ముందుగా బయటికి చెప్పండి. మనసు మార్చుకున్న ఓటరును ఎగతాళి చేయడం మన రాజకీయ సంభాషణలోని పెద్ద రోగం. ఆ భయంతోనే చాలామంది తప్పు నిర్ణయాన్ని ఏళ్ల తరబడి సమర్థిస్తూ ఉండిపోతారు. మీ ఎదుట ఎవరైనా అలా మారితే ‘ఇప్పుడా కళ్లు తెరుచుకున్నాయి’ అనకుండా పక్కన చోటివ్వండి.

తర్వాత మీ ప్రతినిధికి ఉత్తరం రాయండి. ఏ తేదీన, ఏ సభలో, ఏ మాట ఇచ్చారో, ఇప్పుడు ఏం జరుగుతోందో ఒక్క పేజీలో పెట్టి, ఒకే ఒక్క ప్రశ్న అడగండి. పది ప్రశ్నలు వేస్తే సులువైనదానికి జవాబిచ్చి ఊరుకుంటారు. పత్రికనో చానెల్‌నో మానేస్తే ఎందుకు మానేశారో సంపాదకుడికి రాతపూర్వకంగా తెలపండి, ఏ వార్త, ఏ రోజుదో సహా. కారణం చెప్పకుండా తగ్గిన పాఠకుణ్ని చూసి వారు మరింత గట్టిగా అరిస్తే తిరిగి వస్తాడనుకునే ప్రమాదం ఉంది. ఇక ఆ నాయకుడికి ఓటు వేయమని మీరు ఎవరెవరిని ఒప్పించారో వారి పేర్లు మీకు తెలుసు. వారిలో ఒకరికి ఈ వారమే ఫోను చేసి, మీ అభిప్రాయం ఎందుకు మారిందో చెప్పండి.